చెరో తెడ్డు

బందరులో కోర్టుకి వెళ్ళే రోడ్డు మీద, జిరాక్సు షాపుకీ టైపు సెంటరుకీ మధ్య ఒక చిన్న బోర్డు ఉంటుంది. 'దంపతుల, కుటుంబ సలహా కేంద్రం' అని పైన, 'నిస్సీ, ఎమ్మే' అని కింద. ఆ చోటు నిస్సీ ఏరికోరి ఎంచుకుంది. విడాకుల కాగితాలు పట్టుకుని పోయేవాళ్ళకి లాయరు కంటే ముందు తన బోర్డు కంటపడాలని ఆవిడ ఎత్తు. ఎత్తు బాగానే ఉంది. కానీ మొదటి ఏడాది వచ్చినవాళ్ళలో సగం మంది "మా వాడు బీటెక్కండీ, మంచి సంబంధం ఉంటే చూడండి" అంటూ ఫొటోలు తీశారు. మిగతా సగం మంది జిరాక్సు షాపు ఇదేనా అని అడిగారు.

వాళ్ళెవరినీ నిస్సీ వట్టి చేతులతో పంపలేదు, ఎందుకంటే వరండాలో ఆవిడ నాయనమ్మ రాజమ్మ మజ్జిగ కుండ పెట్టుకుని కూర్చునేది. రాజమ్మకి ఎనభై దాటాయి. మనవరాలు లోపల గంటసేపు కూపీ లాగితే గాని బయటపడని సంగతి, రాజమ్మ ఒక్క గ్లాసు మజ్జిగతో బయటికి తీసేది. లోపల చెప్పేది చదువు, బయట చెప్పేది కబుర్లు అని నిస్సీ నమ్మకం. గోడ మీద మూడు సర్టిఫికెట్లు వేలాడుతుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

నిజానికి ఆవిడ మొదటి బడి హంసలదీవి దగ్గర కృష్ణ పాయ మీద తాత గంగరాజు నడిపిన పడవ. పాలెంలో ఎవరైనా మొగుడూ పెళ్ళాం తగువు పడితే ముందు పాస్టరుగారు వెళ్ళి ప్రార్థన చేసేవారు. దానికీ లొంగకపోతే ఇద్దరినీ గంగరాజు పడవ ఎక్కించేవారు. అవతలి ఒడ్డు మామూలుగా అరగంట దూరం. తగువు పడ్డవాళ్ళు ఎక్కితే మాత్రం గంటన్నర పట్టేది. ఇంతసేపేమిటయ్యా అని ఎవరైనా అడిగితే గంగరాజు "పోటు మీదుందండీ" అనేవాడు, ఏరు ఆటు మీదున్నా సరే. మొహాలు మాడ్చుకుని ఎక్కినవాళ్ళు కబుర్లాడుకుంటూ దిగేవారు. అడుగున చేరిన నీళ్ళు డబ్బాతో తోడిపోస్తూ ఎనిమిదేళ్ళ నిస్సీ అదంతా చూసేది. పడవ నడిమధ్యలో ఎవరూ దిగిపోలేరు, అదే తాత మందు అని ఆ వయసులోనే తేల్చుకుంది. పెద్దయ్యాక విశాఖపట్నంలో చదివి, చెన్నైలో శిక్షణ పొంది, తన గదికి అదే నియమం పెట్టింది: ఎదురెదురు కుర్చీలు, ముప్పావుగంట, మధ్యలో ఎవరూ లేవకూడదు.

ఫిబ్రవరిలో ఒక బుధవారం పెడన నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు పక్కన ఒంటి తొడ మీద ఇరుక్కుని వచ్చిన మగమనిషి ముందు దిగాడు. వెనక సీటంతా ఖాళీగానే ఉంది. అందులోంచి ఒక పెద్దావిడా, ఆమె చాటున నలభైకి దగ్గరపడుతున్న మరో ఆవిడా దిగారు. పెద్దావిడ మెట్లెక్కుతూనే మొదలుపెట్టింది.

"మేడంగారూ, నా పేరు ధనమ్మ. వీడు మా అబ్బాయి ఆనంద్, ఇది మా కోడలు జ్యోతిర్మయి. వీళ్ళు మాట్లాడుకుని మూడు నెలలైందండీ. 'అత్తయ్యా, అన్నానికి రమ్మనండి.' 'అమ్మా, ఆకలి లేదని చెప్పు.' ఒకే గదిలో ఉంటారు, మధ్యలో నేను నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు. డెబ్భై ఏళ్ళకి నాకు పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది, జీతం లేదు."

ఆలుమగల కలహం అద్దం మీద పెసరగింజ నిలిచినంతసేపే అంటారు. ఈ పెసరగింజకి ఎవరో జిగురు రాసినట్టుంది.

వాళ్ళది కలంకారీ అద్దకం. ఆనంద్ తండ్రి సత్యనారాయణ పెట్టిన షెడ్డు, ఇంటి వెనకే. గోనెలు పరిచిన పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి, ఆనంద్ గీతల అచ్చు వేసుకుంటూ పోతాడు. వెనకే జ్యోతిర్మయి, ఆ గీతల మధ్య ఎరుపు రావలసిన చోట్ల నింపే అచ్చు వేసుకుంటూ వస్తుంది. పదమూడేళ్ళుగా ఒకే బల్ల. మాటలు ఆగిపోయిన ఈ మూడు నెలలూ కూడా పని ఆగలేదు.

నిస్సీ ఇద్దరినీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టింది. కారణం ఏమిటని అడిగితే ఆనంద్ పాపం నిజమే చెప్పాడు.

"నాకు తెలీదండీ. వాళ్ళ అక్కగారి గృహప్రవేశానికి ఒకరోజు ఆలస్యంగా వెళ్ళాం. దానికేనేమో."

జ్యోతిర్మయి అతని వైపు చూడకుండా అంది. "తెలీకపోతే తెలీనివ్వండి మేడం. వచ్చే నెల మొదటి సోమవారం నేను గుడివాడ వెళ్ళిపోతున్నాను. మా అక్క కల్పన జాకెట్లు కుడుతుంది, మేడ మీద గది ఇస్తానంది. కోర్టు సంగతి తరవాత. అత్తయ్య ఏడుస్తోందని ఇక్కడికి వచ్చానంతే."

ధనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళకి ఒక్కతే కూతురు, గురుకులంలో ఆరో తరగతి. వేసవి సెలవులకి ఆ పిల్ల పెట్టె పట్టుకుని ఏ ఊరి బస్సెక్కాలో ముగ్గురిలో ఎవరికీ తెలియదు, ఆ పిల్లకి ఇంకా ఏ సంగతీ తెలియదు. ఆ మాట విన్నాక నిస్సీ ఈ ఇద్దరినీ ఎలాగైనా నిలబెట్టాలని మనసులో గట్టిగా అనుకుంది. పుస్తకంలో ఉన్న మంచి మందే ఇచ్చింది. రోజూ సాయంత్రం పావుగంట, ఎదురెదురుగా కూర్చోవాలి, ఫోనులో అలారం పెట్టుకోవాలి, మనసులో ఉన్నది చెప్పుకోవాలి. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు.

రెండు బుధవారాలు గడిచాక ధనమ్మ ఒక్కతే వచ్చింది.

"కూర్చున్నారమ్మా, మాట తప్పలేదు. పావుగంటసేపు ఇద్దరూ ఫోను వంక చూశారు. అలారం మోగగానే చెరోవైపు లేచిపోయారు. పద్నాలుగు రోజులూ అంతే. నాకేమో ఆ పావుగంట నోరు మూసుకోమన్నారు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఆయన పోయిన రోజు కూడా లేదు."

అక్కడితో ఆగితే బాగుండేది. ఎరుపు అద్దకానికి జిగురులో పటిక కలపాలి. తరవాత రంగు నీళ్ళలో ఉడకబెడితే, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. చూపుకి మాత్రం కలిపిన జిగురూ కలపని జిగురూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే ఆ షెడ్డులో అచ్చు ముంచే ముందు "పటిక వేశావా?" అని ఒకరినొకరు అడగడం సత్యనారాయణ కాలం నాటి అలవాటు. మొన్న దుప్పట్లకి ఎరుపు అద్దే రోజున ధనమ్మ గుడిలో పురాణానికి వెళ్ళింది. జ్యోతిర్మయి వేసిందని ఆనందూ, ఆనంద్ వేశాడని జ్యోతిర్మయీ అనుకున్నారు. అడగాలంటే నోరు విప్పాలి కదా, పౌరుషం అడ్డొచ్చింది. నలభై దుప్పట్లు అద్దారు, ఆరబెట్టారు, కాలవలో జాడించారు, డేగిసాలో ఉడకబెట్టారు. నల్ల గీతలు నిలిచాయి. ఎరుపు ఒక్క చుక్క రాలేదు. నలభై దుప్పట్ల మీదా పువ్వులన్నీ తెల్లగా వెలవెలబోతూ బయటికొచ్చాయి.

"జ్యోతి ఆ రాత్రే బ్యాగు సర్దేసిందమ్మా. ఇక ఆగనంది. ఈ సోమవారమే ప్రయాణం." ధనమ్మ మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

నిస్సీ లోపల ఎదురెదురు కుర్చీలు రెండింటినీ చూస్తూ నిలబడింది. తను చేసిన పనికి ఆవిడకి సిగ్గేసింది. మూగబోయిన ఇంట్లో పావుగంట ఎక్కువ మూగతనం పోసి వచ్చింది తనేగా. కళ్ళనీళ్ళు తిరిగాయి. వరండాలోకి వచ్చి నాయనమ్మ పక్కన కూలబడితే, రాజమ్మ చాటలోంచి సగం చిక్కుడుకాయలు ఒళ్ళో పోసింది.

"చేతులు ఖాళీగా పెట్టుకుని ఏడవకు. ఈనెలు తీస్తూ ఏడువు."

నాలుగు కాయలు తీసేసరికి నిస్సీ మొత్తం చెప్పేసింది. అలారం సంగతి, పటిక సంగతి, పాప సంగతి. చివరికి అడిగింది.

"నాయనమ్మా, తాత పడవలో వాళ్ళకి ఏం చెప్పేవాడు?"

"మీ తాతా? ఆయనకి మాటలెక్కడివే! ఇద్దరి చేతికీ చెరో తెడ్డు ఇచ్చేవాడు. పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరి మొహాలూ ఒకవైపుకే తిప్పేవాడు. ఒకళ్ళు వేసి ఒకళ్ళు వెయ్యకపోతే పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుద్ది. ఇక చచ్చినట్టు 'నువ్వెయ్యి, ఆగు, ఇటు లాగు' అనాల్సిందే. అరగంటకి తిట్టుకునేవాళ్ళు. గంటకి నవ్వుకునేవాళ్ళు."

నిస్సీ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నీళ్ళు తోడే పిల్లకి పడవ అడుగు కనిపించింది గాని, తెడ్లు ఎవరి చేతిలో ఉన్నాయో కనిపించలేదు.

"ఇన్నేళ్ళూ ఈ మాట నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగావా? కుర్చీలు కొన్నావు. బాగున్నాయిలే అనుకున్నా."

శనివారం పొద్దున్నే ఇద్దరూ పెడన బస్సెక్కారు. షెడ్డు ముందు ఆనంద్ ఒక్కడే బల్ల తుడుస్తున్నాడు. లోపల జ్యోతిర్మయి బ్యాగు గుమ్మం పక్కనే సర్ది ఉంది. నిస్సీ దానివైపు చూడనట్టే నటించింది.

"సలహాలు చెప్పడానికి రాలేదండీ. నాకు ఒక దుప్పటి కావాలి. మీ ఇద్దరి చేతా ఇప్పుడే, నేను చూస్తుండగా అద్దించుకుని పోదామని వచ్చాను."

బేరం కాళ్ళ దగ్గరికి వస్తే పెడనలో ఎవరూ కాదనరు. జ్యోతిర్మయి కొంగు బిగించి వచ్చింది. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ తెచ్చి పరిచారు. ఇంతలో రాజమ్మ ధనమ్మ చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఇంత దూరం వచ్చి మీ ఊరి మగ్గం చూడకుండా ఎలా పోను? పద, చూపిద్దువుగాని."

"అయ్యో వదినా, నేను లేకపోతే వీళ్ళకి మాటలెలా?"

"పోస్టాఫీసుకి కూడా సెలవులుంటాయిలే" అంటూ రాజమ్మ ఆవిడని వీధిలోకి లాక్కుపోయింది.

అచ్చుల గూటి ముందు నిలబడి నిస్సీ ఒక్కొక్కటే తీసి చూసింది. ఒక అంచు అచ్చు చేతికొచ్చేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల వేళ్ళు, వాటి మధ్య చిన్నచిన్న పీతలు, ఒక్క కాలి మీద నిలబడ్డ కొంగ. చిన్నప్పుడు పడవలోంచి రోజూ చూసిన ఒడ్డు అది.

"ఇది మా ఊరండీ! ఇదే వెయ్యండి, నాకింకేం వద్దు."

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక్కసారే ఆ అచ్చు వైపు చూసి, ఒక్కసారే చూపు తిప్పుకున్నారు. నిస్సీ అది గమనించింది, అడగలేదు. తాత పద్ధతి గుర్తు తెచ్చుకుని బల్ల చివర ముక్కాలిపీట మీద కూర్చుని, చేతికి దొరికిన పాత అచ్చులోంచి ఎండిన రంగు పుల్లతో తీయడం మొదలుపెట్టింది.

ఆనంద్ నల్ల గీతల అచ్చు వేసుకుంటూ పోయాడు. ధన్, ధన్ అని పిడికిలి దెబ్బలు వరసగా పడ్డాయి. బల్ల చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చి, ఇక ఎరుపు చోట్లు మిగిలాయి. జ్యోతిర్మయి నింపే అచ్చు చేతిలోకి తీసుకుని జిగురు పెట్టె ముందు నిలబడింది. ఆనంద్ ఆ జిగురు వంక చూశాడు. వీధి గుమ్మం వంక చూశాడు. వాళ్ళమ్మ లేదు. మళ్ళీ జిగురు వంక చూశాడు. అచ్చు జిగురుకి రెండు వేళ్ళ ఎత్తులో ఉంది. నిస్సీ పుల్ల గీకుతూనే ఉంది.

"పటిక వేశావా?" అన్నాడు ఆనంద్.

"వేశాను."

"ఎంత?"

"ఎప్పుడూ వేసేంతే. ఈసారి రుచి కూడా చూశాను, వగరుగానే ఉంది."

"ఆ రోజు కూడా చూడాల్సింది."

"ఆ రోజు అడగాల్సింది మీరు!"

"నువ్వడక్కూడదా?"

అచ్చు దిగింది. ధన్! జ్యోతిర్మయి పిడికిలి దెబ్బకి బల్ల కింద గిన్నె అదిరింది. రెండో దెబ్బ ఇంకా గట్టిగా పడింది. ఆవిడ చెయ్యి ఆడుతూనే ఉంది, నోరు కూడా దాని వెంటే నడిచింది. దుప్పట్లు ఎవరు ఉడకబెట్టారు, కట్టెలు ఎవరు పచ్చివి తెచ్చారు, పోయిన దసరాకి ఎవరు ఎవరిని ఏమన్నారు. ఆనంద్ గుడ్డ అంచు సరిచేస్తూ ప్రతిదానికీ బదులు చెప్పాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు, ఇద్దరి కళ్ళూ గుడ్డ మీదే. ఇన్నేళ్ళ వృత్తిలో నిస్సీకి అంత ఇంపైన తగువు వినపడలేదు.

ఒక వరస అయ్యేసరికి తగువు కాస్త తెరిపినిచ్చింది. అప్పుడు నిస్సీ, మనసులో ఉన్నమాటే అడిగింది.

"ఇంతకీ ఈ మడచెట్లు ఎవరు గీశారండీ?"

జ్యోతిర్మయి చెయ్యి ఆగిపోయింది.

"మీరే చెప్పండి" అంది మొగుడితో. "హైదరాబాదు నుంచి బేరానికి వచ్చినాయన ఇదే మాట అడిగాడుగా. ఆయనకి చెప్పినట్టే మేడంగారికీ చెప్పండి."

ఆనంద్ తెల్లమొహం వేశాడు. "పాత డిజైనేనండీ అన్నాను... జ్యోతీ, దానికా? మూడు నెలలూ దానికా?"

"పోయినేడు మాఘపౌర్ణమికి హంసలదీవి వెళ్ళాం. మీరంతా సముద్రస్నానం చేస్తుంటే నేను ఒడ్డున కూర్చుని కరపత్రం వెనక గీసుకున్నాను. ఆర్నెల్లు దిద్దాను. నా ఎదురుగా నిలబడి పాతది అనేశారు."

ఆనంద్ నిస్సీ వైపు తిరిగాడు. "మేడంగారూ, మా పనిలో పాతది అంటే..."

"మేడంగారితో కాదు. నాతో చెప్పండి."

అతను ఇటు తిరిగాడు. మూడు నెలల తరవాత మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు.

"మా పనిలో పాతది అంటే తక్కువా? మా నాన్న ఎవరి డిజైనైనా మెచ్చుకోవాలంటే 'ఇది పాతదిరా' అనేవాడు. ఆయన నోటి నుంచి ఆ మాట నాకెప్పుడూ దక్కలేదు. నీ అచ్చు ఆయన అచ్చుల పక్కన పెట్టి చూశాను జ్యోతీ. తేడా తెలీలేదు. అందుకని పాతది అన్నాను. నాకు తెలిసినంతలో అంతకంటే పెద్ద మాట లేదు."

జ్యోతిర్మయి కళ్ళు నిండాయి.

"మీ నాన్నగారి పక్కన పెట్టారు, సంతోషం. మరి నా పేరు ఎక్కడ పెట్టారు?"

"తప్పేను" అన్నాడు ఆనంద్. "నేను మెచ్చుకున్నానని నీకు తెలుసనుకున్నా. అడగలేదు."

ఇక్కడితో కౌగిలించుకుని ఉంటారని ఎవరైనా అనుకుంటే వాళ్ళు పెడన మనుషుల్ని ఎరగరు. జ్యోతిర్మయి ముక్కు తుడుచుకుని మిగిలిన వరస పూర్తి చేసింది. దుప్పటి ఎప్పుడొస్తుందని నిస్సీ అడిగింది. రెండ్రోజులు ఆరాలి, సోమవారం జాడించి ఉడకబెట్టాలి, అప్పుడుగాని ఎరుపు వచ్చిందో లేదో తెలియదు అన్నాడు ఆనంద్.

"సోమవారం నేను గుడివాడలో ఉంటాను" అంది జ్యోతిర్మయి. ఆ మాటలో మొన్నటి పదును లేదు, కానీ బ్యాగు గుమ్మం దగ్గరే ఉంది.

"పటిక వేసిన మనిషి లేకుండా నేను పొయ్యి వెలిగించను" అన్నాడు ఆనంద్, గుడ్డ వంక చూస్తూ.

ఆదివారం చర్చిలో నిస్సీ ఏ పాట పాడిందో ఆవిడకే తెలియదు. సోమవారం ఆరున్నర బస్సుకే నాయనమ్మని తీసుకుని పెడనలో దిగింది. షెడ్డుకి తాళం ఉంది. గుమ్మం పక్కన బ్యాగు లేదు. నిస్సీ అరుగు మీద కూర్చుండిపోయింది. పొయ్యి మీద డేగిసా చల్లగా ఉంది. తెడ్లు ఇచ్చేసరికే ఆలస్యమైపోయింది అనుకుంది.

రాజమ్మ మాత్రం చెవి మీద చెయ్యి పెట్టుకుని కాలవ వైపు తిరిగింది. వయసుతో చూపు మందగించింది గాని చెవులు ఇంకా పడవ మీది చెవులే.

"లేవే అమ్మాయ్. విను."

నిస్సీ విన్నది. కాలవ గట్టు అవతల నుంచి ఆడగొంతు ఒకటి, మగగొంతు ఒకటి, ఒకదాని మీద ఒకటి పడి వస్తున్నాయి.

"హమ్మయ్య" అంది రాజమ్మ. "తిట్టుకుంటున్నారు."

గట్టెక్కి చూస్తే మోకాలి లోతు నీళ్ళలో ఆనంద్, జ్యోతిర్మయి దుప్పటికి చెరో చివరా పట్టుకుని జాడిస్తున్నారు. గట్టు మీద ధనమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పనిలేని మహారాణిలా కూర్చుని ఉంది.

"చూడండి మేడంగారూ, మీరే చెప్పండి" జ్యోతిర్మయి నిస్సీని చూడగానే దుప్పటి మూల ఒకటి పైకెత్తింది. ఆ మూలన, షెడ్డు దుప్పట్లన్నిటి మీదా వేసే సత్యనారాయణ పేరు ముద్ర ఎప్పటిలాగే ఉంది. దాని పక్కన నల్లరంగులో, కలంతో, చేత్తో రాసిన అక్షరాలు: జ్యోతిర్మయి. "నిన్నంతా తలుపేసుకుని కూర్చుని ఈయన రాసిన నిర్వాకం ఇది. నా పేరు చూడండి, కోడి గీకినట్టు! కడిగితే పోతుందేమో అనుకుంటే అదీ పోదు."

"మంచి పటుత్వం ఉన్న నలుపండీ" అన్నాడు ఆనంద్ గర్వంగా. "నా జీవితంలో కలం పట్టడం ఇదే మొదలు. అచ్చయితే బాగా వేసేవాణ్ణి. అచ్చు చెక్కించేదాకా ఆగుతుందో లేదోనని రాశాను."

"అడిగితే నేనే రాసుకునేదాన్నిగా!"

"అడిగితే రాయనిచ్చేదానివా?"

నిస్సీ నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు. ఒక్కటే అడగగలిగింది. "మరి గుడివాడ బస్సు?"

జ్యోతిర్మయి దుప్పటి పిండుతూ గట్టు కిందికి చూపించింది. బ్యాగు అక్కడే ఉంది, దాని మీద ఇద్దరి చెప్పులూ ఉన్నాయి.

"పొద్దున బ్యాగు పట్టుకునే బయలుదేరానండీ. ఈ పేరు చూపించి, ఎలా ఉందో చెప్పి పొమ్మన్నారు. చెబుతూ ఉన్నాను, బస్సు ఎప్పుడు పోయిందో మాకు తెలీలేదు."